నడుము నొప్పికి ముళ్ళ మ్యాట్: ఏది కొనాలి, ఎలా పడుకోవాలి, ఎవరికి వద్దు

ప్రశ్న: నా వయసు 43. ఇంట్లోనే బ్లౌజులు, చుడీదార్లు కుడతాను. రోజుకు ఆరేడు గంటలు మిషన్ దగ్గరే ఉంటాను. ఎనిమిది నెలలుగా నడుము నొప్పి. సాయంత్రానికి పట్టేస్తుంది, అప్పుడప్పుడు పిరుదు దాకా లాగుతుంది. ఎముకల డాక్టరు చూసి కండరాల నొప్పేనని చెప్పి మాత్రలు, బెల్టు రాశారు. మాత్రలు ఆపితే మళ్ళీ మొదలు. ఫోన్‌లో ఆక్యుప్రెషర్ మ్యాట్లు చూస్తున్నాను. 400 నుంచి 5,000 రూపాయల దాకా ఉన్నాయి. ఒకరు 4,000 ముళ్ళంటారు, ఇంకొకరు 8,000 అంటారు. ఏది తీసుకోవాలి? మా అత్తగారికి పదిహేనేళ్ళుగా షుగరు, అరికాళ్ళలో తిమ్మిర్లు. ఆవిడ కూడా దాని మీద నిలబడతానంటున్నారు. ఇద్దరికీ ఒకటే సరిపోతుందా?
– ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడను ఆ మ్యాట్ ఎక్కనివ్వకండి. పదిహేనేళ్ళ షుగరుకు అరికాళ్ళ తిమ్మిర్లు తోడయ్యాయంటే పాదాల్లో నరాలు దెబ్బతిని ఉండే అవకాశం చాలా ఎక్కువ. అలాంటి పాదంలో ముల్లు దిగినా నొప్పి తెలియదు. తెలియని గాయం రెండు రోజులకు పుండవుతుంది, షుగరు వల్ల అది త్వరగా మానదు. తిమ్మిర్లు తగ్గుతాయన్న ఆశతోనే చాలామంది ఈ మ్యాట్లు ఎక్కుతారు. తిమ్మిరి ఉన్నవాళ్ళే అసలు ఎక్కకూడనివాళ్ళు. షుగరు డాక్టరు దగ్గర సన్నని నైలాన్ తీగను అరికాలికి ఆనించి స్పర్శ చూసే చిన్న పరీక్ష ఉంటుంది. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. ఈసారి వెళ్ళినప్పుడు అది చేయమని అడగండి. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, ఇంట్లో సైతం చెప్పులు వేసుకుని తిరగడం, రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోవడం ఆవిడకు మ్యాట్ కంటే మేలు చేస్తాయి.

మీరు మాత్రం కొనుక్కోవచ్చు. డాక్టరు చూశారు, కండరాల నొప్పేనన్నారు, మోకాలి కిందికి లాగడం లేదు. ఇలాంటి నొప్పికే ఈ మ్యాట్ కొంత పనికొస్తుంది. ఎంత పనికొస్తుందో ముందే తెలిస్తే 5,000 రూపాయల మ్యాట్ జోలికి మీరే వెళ్ళరు.

వేలకొద్దీ ముళ్ళు ఒకేసారి వీపును ఒత్తినప్పుడు చర్మంలోని నరాల నుంచి వెన్నుపాముకు సంకేతాలు వెల్లువెత్తుతాయి. ఆ రద్దీలో లోపలి కండరం నొప్పి కొంత అణిగిపోతుంది. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే ఉపశమనంగా ఉండేది ఇందుకే. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు నొప్పి గురించి ప్రతిపాదించిన సిద్ధాంతం చెప్పేదీ ఇదే. దానికి తోడు ఒత్తిడి పడిన చోటికి రక్తం ఎక్కువగా చేరి వీపు వెచ్చబడుతుంది. ఇరవై నిమిషాలు కదలకుండా పడుకుంటారు కాబట్టి పట్టేసిన నడుము కాస్త వదులవుతుంది. ఇంతవరకే. జారిన డిస్క్‌ను అది లోపలికి నెట్టదు, అరిగిన కీలును బాగుచేయదు. కిడ్నీకి, థైరాయిడ్‌కు, బరువు తగ్గడానికి అని డబ్బా మీద వేసిన మాటలను పట్టించుకోకండి. ఆక్యుప్రెషర్ చేసేవాళ్ళు ఎంచుకున్న బిందువు మీద వేలితో ఒత్తుతారు. ఈ మ్యాట్ వీపంతా ఒకేలా గుచ్చుతుంది, బిందువుల లెక్క దానికి లేదు. 2012లో జర్మనీ పరిశోధకులు చాలాకాలంగా మెడ, నడుము నొప్పి ఉన్నవాళ్ళతో ఇలాంటి ముళ్ళ పరుపును రెండు వారాలు వాడించారు. వాడనివాళ్ళ కంటే వాడినవాళ్ళకు నొప్పి తగ్గింది. కానీ అది కొద్దిమందితో చేసిన చిన్న ప్రయత్నం. పైగా ముళ్ళ మీద పడుకున్నామని పడుకున్నవాళ్ళకు తెలుస్తుంది కదా, ఆ నమ్మకం పాత్ర ఎంతో విడదీసి చెప్పలేం. కాబట్టి దీన్ని సాయంత్రం పట్టేసిన నడుమును సడలించుకునే సాధనంగా తీసుకోండి. వైద్యం అనుకోవద్దు.

ఇక కొనడం. ఆక్యుప్రెషర్ మ్యాట్ అని వెతికితే రెండు వేరువేరు వస్తువులు కలిసి కనిపిస్తాయి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఒకటి గట్టి ప్లాస్టిక్ పలక. దాని మీద మొద్దు ముళ్ళు, మధ్యమధ్యలో పిరమిడ్ ఆకారాలు, కొన్నిటిలో గుండ్రటి అయస్కాంతాలు ఉంటాయి. అది కాళ్ళతో నిలబడడానికి చేసింది. మీరు చూసిన 400 రూపాయలది బహుశా అదే. దాని మీద నడుము వాల్చకూడదు. పలక వంగదు, పిరమిడ్ మొన నేరుగా వెన్నుపూస మీద దిగి నొప్పి పెరుగుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు ఆ అయస్కాంతాలతో ఇంకో ప్రమాదం. మీకు కావలసింది రెండోది: స్పాంజి పరుపు, దానికి బట్ట తొడుగు, తొడుగు మీద వరుసగా అతికించిన ప్లాస్టిక్ బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద రెండు మూడు పదుల సన్నని ముళ్ళు. సోవియట్ యూనియన్‌లో కుజ్నెత్సోవ్ అప్లికేటర్ పేరుతో వాడుకలోకి వచ్చినదీ, తర్వాత స్వీడన్ నుంచి అన్ని దేశాలకూ పాకినదీ ఈ రకమే.

ముళ్ళ సంఖ్య విషయంలో చాలామంది తలకిందులుగా అనుకుంటారు. ముళ్ళు ఎక్కువుంటే గట్టిగా గుచ్చుతుందని భయపడి తక్కువ ముళ్ళది తెచ్చుకుంటారు. లెక్క వేసి చూడండి. మీ బరువు 60 కిలోలనుకుంటే తల, చేతులు, కాళ్ళు బయట ఉంటాయి కాబట్టి మ్యాట్ మీద పడేది సుమారు 30 కిలోలు. వీపు కింద 2,000 ముళ్ళు ఆనితే ఒక్కో ముల్లు మీద 15 గ్రాములు పడతాయి. 1,000 ముళ్ళే ఆనితే 30 గ్రాములు. అంటే తక్కువ ముళ్ళున్నదే ఎక్కువ గుచ్చుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు మొత్తం 6,000 నుంచి 8,000 ముళ్ళున్నది సరిపోతుంది. 4,000 ముళ్ళవి అలవాటు పడినవాళ్ళకు. డబ్బా మీద రాసిన అంకెను నమ్మనక్కర్లేదు. ఫొటోలో బిళ్ళలు అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని ఉన్నాయో, ఒక బిళ్ళ మీద ఎన్ని ముళ్ళున్నాయో లెక్కపెట్టి గుణించుకోండి. 230 బిళ్ళలు, ఒక్కో దానికి 27 ముళ్ళు ఉంటే 6,210. ఇంతకు సగం వచ్చి, పైన 8,000 అని రాసి ఉంటే ఆ అమ్మకందారు మిగతా మాటలనూ వదిలేయండి.

సైజు దాదాపు 65 నుంచి 75 సెంటీమీటర్ల పొడవు, 40 నుంచి 45 సెంటీమీటర్ల వెడల్పు ఉండేది చాలు. పిరుదుల పైభాగం నుంచి భుజాల దాకా వస్తుంది. తొడల దాకా వచ్చే పొడవాటి మ్యాట్లకు ధర ఎక్కువ, మీ నొప్పికి వాటి వల్ల అదనపు లాభం లేదు. స్పాంజి మందం రెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. అడుగు చేతికి తగిలేంత మెత్తగా ఉంటే కొన్ని నెలల్లోనే అప్పడంలా అణిగిపోయి ముళ్ళు నేల గట్టిదనంతో గుచ్చుతాయి. కొబ్బరి పీచు నింపినవి గట్టిగా, ఎక్కువ కాలం ఉంటాయి కానీ తడి తగిలితే బూజు పడతాయి. మొదటిసారి కొనేవాళ్ళకు స్పాంజిదే నయం.

బిళ్ళలను ఎలా అతికించారన్నది అన్నిటికంటే ముఖ్యం. ఈ మ్యాట్లు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. చవక రకాల్లో వేడి జిగురు చుక్క పెట్టి అంటిస్తారు. మన ఎండాకాలంలో అది మెత్తబడి బిళ్ళలు రాలిపోతాయి. ఒక బిళ్ళ రాలితే ఆ ఖాళీ చుట్టూ ఉన్న ముళ్ళ మీద బరువు పెరుగుతుంది, అక్కడే చర్మం గీరుకుపోతుంది. బట్టకు వెనక వైపు కూడా ప్లాస్టిక్ పట్టు ఉండి, ముందు బిళ్ళ దానికి కరిగి అతుక్కున్న రకం గట్టిగా ఉంటుంది. తొడుగు జిప్ తీసి లోపలి వైపు చూస్తే తెలుస్తుంది: ప్రతి బిళ్ళ వెనక ఒక గుండ్రటి పట్టు కనిపించాలి. జిప్ లేని మ్యాట్ కొనకండి, ఉతకడానికి దారి ఉండదు. ఇంటికి రాగానే అంచుల్లోని బిళ్ళలను గోటితో పట్టి మెల్లగా తిప్పి చూడండి. కదిలితే తిప్పి పంపేయండి. అరచేతిని ముళ్ళ మీద నెమ్మదిగా ఆనించి, మిగతావాటికంటే పొడుగ్గా ఉన్నవి, విరిగి అంచు పదునైనవి ఉన్నాయేమో చూసుకోండి. ఒంటికి తగిలే వస్తువు కాబట్టి వాడాక వెనక్కి తీసుకోబోమనే షరతు చాలాచోట్ల ఉంటుంది. అందుకే ఈ పరీక్షలన్నీ పడుకోకముందే చేయాలి.

బట్ట నూలుదైతే చెమట పీలుస్తుంది. జిగురు వాసన వస్తే రెండు రోజులు నీడలో గాలికి ఆరబెట్టండి. నాలుగో రోజుకూ ముక్కు పుటాలు అదిరేలా వాసన ఉంటే అది మంచి సరుకు కాదు. మీ ఫోన్‌లో కనిపించే వాటిలో 800 నుంచి 1,500 రూపాయల మధ్య ఈ లక్షణాలన్నీ ఉన్నది వెతకండి. అంతకు మించి పెట్టే డబ్బు ఎక్కువగా బ్రాండుకూ, సంచీకీ పోతుంది. కూడా వచ్చే ముళ్ళ దిండు మెడకు చేసింది, మీకు దాని అవసరం లేదు.

వాడే పద్ధతికి వద్దాం. మెత్తటి పరుపు మీద మ్యాట్ వేస్తే అది దిగబడుతుంది, నడుము కూడా దాంతో పాటు కుంగుతుంది. ఉత్త గచ్చు మీద వేస్తే మొదటి రోజే భరించలేరు. నేల మీద బొంతను రెండు మడతలు వేసి దాని మీద పరవండి. పలచటి నూలు జాకెట్టో నైటీయో వేసుకునే మొదలుపెట్టండి. మ్యాట్ కింది అంచుకు ఆనుకుని నేల మీద కూర్చుని, మోకాళ్ళు వంచి, మోచేతులు వెనక్కి ఊని, నడుము, ఆ పైన వీపు, ఆఖరున భుజాలు ఒకదాని తర్వాత ఒకటి ఆనేలా మెల్లగా వాలండి. ఒకసారి ఆనాక పైకీ కిందికీ జరగకూడదు. ముళ్ళు నిలువుగా ఒత్తితే చర్మానికి ఏమీ కాదు, పక్కకు జరిగితేనే గీతలు పడతాయి. చోటు సరిగ్గా కుదరకపోతే లేచి మళ్ళీ పడుకోండి.

పడుకోగానే ఒకటి గమనిస్తారు: ముళ్ళు భుజాల దగ్గర, పిరుదుల దగ్గర గుచ్చుతాయి, అసలు నొప్పి ఉన్న నడుముకు మాత్రం తగలవు. నడుము దగ్గర సహజంగా వంపు ఉండడమే కారణం. మ్యాట్ పనిచేయలేదని పక్కన పడేసేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే. మోకాళ్ళు వంచి పాదాలు నేల మీద ఆనిస్తే నడుము చాలావరకు కిందికి దిగుతుంది. ఇంకా ఖాళీ ఉంటే తువ్వాలును మూడు నాలుగు సెంటీమీటర్ల మందానికి మడిచి మ్యాట్ కింద, సరిగ్గా నడుము వచ్చే చోట పెట్టండి. పాదాలు ఆనించి ఉంచడం కష్టమైతే మోకాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకోండి. తలకు పలచటి మామూలు దిండు.

మొదటి రెండు మూడు నిమిషాలు మంటగా, గుచ్చుతున్నట్టుగా ఉంటుంది. ఊపిరి బిగపట్టకుండా నిదానంగా వదులుతూ ఉండండి. ఐదు నిమిషాల లోపు ఆ మంట వెచ్చదనంగా మారాలి. మారకపోతే ఓర్చుకోకండి, లేచిపోయి మర్నాడు ఇంకో పొర బట్ట వేసుకోండి. మొదటి మూడు రోజులు ఐదేసి నిమిషాలు, ఆ వారంలో మిగతా రోజులు పదేసి, రెండో వారం నుంచి పదిహేను ఇరవై నిమిషాలు. రోజుకు ఒక్కసారి, మిషన్ పని ముగించాక. అరగంట దాటాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. హాయిగా ఉండి నిద్ర పట్టేస్తుంది కాబట్టి ఫోన్‌లో అలారం తప్పనిసరి. నిద్రలో పక్కకు దొర్లితే వీపంతా గీరుకుపోతుంది.

లేచేటప్పుడు నేరుగా లేవకండి. మోకాళ్ళు వంచి పక్కకు ఒత్తిగిలండి. మ్యాట్ వీపుకు అతుక్కుని మీతోపాటే వస్తుంది, దాన్ని పైనుంచి కిందికి మెల్లగా వలిచి తీయండి. చేతులు ఊని కూర్చుని, అర నిమిషం ఆగి నిలబడండి. తక్కువ బీపీ ఉంటే తల తిరగొచ్చు. వీపు మీద ఎర్ర చుక్కలు పడతాయి, గంటా రెండు గంటల్లో పోతాయి. మర్నాటికీ ఉంటే, దురద పెడితే, రక్తం చెమర్చితే కొన్ని రోజులు ఆపండి. ఆ ఎర్రదనం ఉండగా నొప్పి బాము రాయడం, వేడినీళ్ళ బ్యాగు పెట్టడం వద్దు, మామూలు కంటే చాలా ఎక్కువ మండుతుంది. నూనె రాసుకుని దాని మీద పడుకోవద్దు. వీపు జారుతుంది, బట్ట పాడవుతుంది.

లేచాక వచ్చే అరగంటే మ్యాట్ ఇచ్చే అసలు లాభం. నడుము సడలి ఉన్న ఆ సమయంలో కుర్చీలో కూలబడి టీవీ చూస్తే మ్యాట్ డబ్బు వృథా. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలిని ఛాతీ వైపు లాక్కుని ఇరవై సెకన్లు పట్టుకోండి, రెండు వైపులా మూడేసి సార్లు. మోకాళ్ళు వంచి పిరుదులను పైకి ఎత్తి ఐదు సెకన్లు ఆపి దించండి, పది సార్లు. చేతులు, మోకాళ్ళ మీద ఉండి వీపును పైకి విల్లులా వంచి, మళ్ళీ కిందికి దించండి, పది సార్లు. ఆ పైన ఇరవై నిమిషాల నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామాన్ని సిఫారసు చేసింది, నడుము బెల్టులను మామూలు చికిత్సగా వాడొద్దంది. మీ బెల్టును రోజంతా పెట్టుకోవడం మెల్లగా తగ్గించుకునే విషయం డాక్టరుతో మాట్లాడండి.

మీ నొప్పికి మూలం మిషన్ దగ్గరే ఉన్నట్టుంది. కటింగ్ నేల మీద వంగి చేస్తుంటే ముందు అది మార్చండి. మోచేతి ఎత్తు కంటే ఎనిమిది, పది సెంటీమీటర్లు తక్కువగా ఉండే బల్ల మీద, నిలబడి కత్తిరించండి. మామూలు ఎత్తున్న ఆడవాళ్ళకు అది దాదాపు 85 నుంచి 90 సెంటీమీటర్లు వస్తుంది. స్టూలు ఎత్తు మోకాళ్ళ కంటే తుంటి కాస్త పైన ఉండేలా చూసుకోండి, తక్కువైతే గట్టి దిండు వేయండి. మోటారు మిషనైతే ఒక్క కాలే పెడల్ మీద ఉంటుంది, దాంతో తుంటి ఒక పక్కకు ఒరుగుతుంది. రెండో కాలి కింద పెడల్ అంత ఎత్తున్న చెక్క పెట్టండి. పిరుదు దాకా ఒకే వైపు లాగుతుంటే దీన్నే మొదట అనుమానించాలి. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగండి. పూర్తయిన జాకెట్టుకు ఇస్త్రీ చేయడానికి లేచినా సరే.

మ్యాట్ సంరక్షణలో పెద్ద పనేమీ లేదు. పదిహేను రోజులకోసారి తొడుగు విప్పి, గోరువెచ్చని సబ్బు నీళ్ళలో చేత్తో ముంచి తీసి, పిండకుండా నీడలో ఆరేయండి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే బిళ్ళలు ఊడతాయి, ఎండలో వేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కి ముళ్ళు విరుగుతాయి. మడిచి పెట్టొద్దు, ముళ్ళు పైకి వచ్చేలా చుట్టి బీరువా మీద పెట్టండి. వీపుకు వీపు మార్చుకుంటూ ఇంటిల్లిపాదీ వాడకండి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, వీపు మీద గజ్జి, సోరియాసిస్, పుండ్లు ఉన్నవాళ్ళు అసలే వద్దు. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళు చాలామంది రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వాడుతుంటారు, వాళ్ళూ ఈ లెక్కలోకే వస్తారు.

మూడు వారాల గడువు పెట్టుకోండి. రోజూ పొద్దున లేవగానే నొప్పికి సున్నా నుంచి పది మధ్య ఒక అంకె క్యాలెండరు మీద వేయండి. పడుకున్న కాసేపటి హాయిని లెక్కలోకి తీసుకోవద్దు, పొద్దుటి అంకెనే చూడండి. మొదటి వారం కంటే మూడో వారంలో కనీసం రెండు అంకెలు దిగకపోతే ఇంకా ఖరీదైన మ్యాట్ కోసం వెతకొద్దు. ఆ డబ్బుతో ఫిజియోథెరపిస్టును కలవండి. ఈలోగా నొప్పి మోకాలు దాటి పాదం దాకా లాగినా, మడమల మీద నడవబోతే ఒక పాదం పైకి లేవకపోయినా, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో లేపేసే నొప్పి మొదలైనా మ్యాట్ ఆపి డాక్టరుకు చూపించండి. వెన్నెముకకు వచ్చే టీబీలో ఇలాంటి జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి కనిపించొచ్చు. తొడల మధ్య, మూత్రం పోసే చోట స్పర్శ తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, రెండు కాళ్ళూ బలహీనపడినా తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి.